కుర్చీకి విదేశీ సంబంధం

వాళ్లమ్మ పార్లరుకి వచ్చే ఆడవాళ్లే ఆ పిల్లకు కలెక్టరమ్మ అని పేరు పెట్టారు. ఇంకా బళ్లో వేయని వయసులోనే గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, ఎవరి తర్వాత ఎవరు లోపలికి వెళ్లాలో తేల్చేది. వరస తప్పి ఎవరైనా దూరబోతే కాలు అడ్డం పెట్టేది. అమ్మ కేకలేసినా చలించేది కాదు. పెరిగి పెద్దదై ఎంబీయేలో చేరాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు, ఆమె కూడా దాన్ని వదిలించుకోవాలని చూడలేదు. క్లాసులో లెక్చరరు ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యి లేపేది. జవాబు తెలిస్తే సరేసరి. తెలియకపోయినా మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఎక్కడో అదే తట్టకపోతుందా అన్నది ఆమె ధీమా. చిత్రమేమిటంటే చాలాసార్లు తట్టేది.

రెండో ఏడాదిలో వాళ్ల యూనివర్సిటీ కొంతమందిని ఏరి మూడు వారాల కోర్సు కోసం వేరే దేశం పంపింది. అంతర్జాతీయ వ్యాపారం అన్నది దాని పేరు. పొద్దున పూట అక్కడి యూనివర్సిటీలో పాఠాలు, మధ్యాహ్నం నుంచి ఒక కంపెనీలో పని. ఆ కంపెనీ సరుకును తమ దేశంలో ఎలా అమ్మాలో ముగ్గురేసి విద్యార్థులు కలిసి ప్రణాళిక తయారుచేయాలి. చివర్లో కంపెనీ యజమాని ఎదుట, పాఠాలు చెప్పినవాళ్ల ఎదుట నిలబడి దాన్ని వినిపించాలి. వెళ్లేవాళ్లలో తన పేరు చూసుకున్నప్పుడు కలెక్టరమ్మకు సంతోషం కలిగింది గానీ ఆశ్చర్యం కలగలేదు. తనను పంపక మరెవర్ని పంపుతారు?

ఆమె జట్టులో పడ్డ ఇద్దరికీ కూడా క్లాసు పెట్టిన పేర్లే ఉన్నాయి. ఒకడు సందేహం. గొడుగు తీసుకెళ్తే వాన రాదేమో, తీసుకెళ్లకపోతే వస్తుందేమో అని గుమ్మంలోనే నిలబడిపోయే రకం. రెండో అమ్మాయి స్లైడు. ఎంత పసలేని విషయమైనా సరే, రంగురంగుల బొమ్మలుగా మార్చి తెర మీద చూపించిందంటే చూసినవాళ్లు ఆహా అనాల్సిందే. కలెక్టరమ్మకు మాట, స్లైడుకి బొమ్మ, సందేహానికి అనుమానం. ముగ్గురినీ కలిపి ఒక్క మనిషిగా పోతపోస్తే గొప్ప వ్యాపారి తయారవుతాడని తోటివాళ్లు వెక్కిరించారు.

అక్కడ వాళ్లకు పాఠం చెప్పే ఆవిడ బాగా పొడుగరి. బోర్డు పైఅంచున రాసింది తుడవడానికి ఏనాడూ మునివేళ్ల మీద లేచి ఉండదు. మొదటి పూటే ఆవిడకు పొడుగు మేడం అని పేరు స్థిరపడిపోయింది. ఆవిడ చెప్పిన పాఠాల్లో ఒకటి, ఏ దేశంలో జనం కాదు అన్న మాటను ఎలా చెబుతారు అన్నది. కొన్నిచోట్ల మొహం మీదే కాదంటారట. కొన్నిచోట్ల అవును అన్న మాటలోనే కాదు దాగి ఉంటుందట. మీ వైపు ఎలా అని ఆవిడ అడిగితే కలెక్టరమ్మ అలవాటు ప్రకారం చెయ్యి లేపి, మా వాళ్లకు దాపరికాలు లేవు, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారని చెప్పి కూర్చుంది. సందేహం ఆమె వైపు ఒకసారి అదోలా చూశాడు.

వాళ్లకు దొరికిన కంపెనీ సెలూన్ కుర్చీలు తయారుచేసేది. ఊరి చివర, బస్సు ఆగే చోటు నుంచి కాస్త నడిస్తే, ఎర్ర ఇటుకల షెడ్డు. లోపల అడుగుపెడితే నూనె వాసన, తోలు వాసన కలిసి ముక్కుకి తగిలేవి. ఒక వైపు ఇంకా సీటు వేయని కుర్చీలు ఎముకల గూళ్లలా వరసగా నిలబడి ఉండేవి. మరో వైపు మేకులు పళ్ల మధ్య పట్టుకుని తోలు బిగించే పనివాళ్లు. వెనకగదిలో ఇనుము చెక్కే లేతు మిషన్లు. యజమాని పెద్దాయన. తెల్లటి మీసం, మెళ్లో తోలు ఏప్రన్, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే తీరు. కొడుకు వేరే ఉద్యోగం చూసుకుంటే కోడలే వచ్చి పని నేర్చుకుని షెడ్డంతా నడిపిస్తోంది. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ వింటుంది. మావగారి మాటకు ఎదురుచెప్పడం పనివాళ్లెవరూ చూడలేదు.

అందరికీ ఎంతో కొంత వచ్చిన ఇంగ్లీషులోనే మాటలు సాగేవి. పెద్దాయన మొదటి రోజునే తన కోరిక బయటపెట్టాడు. ఈ విద్యార్థుల దేశంలో తలలు ఎన్ని ఉన్నాయో ఆయన ఎక్కడో చదివాడు. ఆ తలలన్నిటి మీదా జుట్టు పెరుగుతుంది. పెరిగిన జుట్టును కత్తిరించాలి. కత్తిరించాలంటే కుర్చీ కావాలి. ఇంత తేలిక లెక్క ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదా అని ఆయన బాధపడ్డాడు.

"బట్టతలలు తీసెయ్యాలి కదా," అని సందేహం మెల్లగా గొణిగాడు, పక్కవాళ్లకు మాత్రమే వినబడేలా.

కలెక్టరమ్మ వాడి కాలు తొక్కి, తాను లేచి నిలబడింది. కుర్చీని ఎలా పంపాలో దారి వేసి చేతిలో పెడతామని, పంపడమా మానడమా అన్న ప్రశ్నే లేదని, ఏడాది తిరిగేలోగా తమ దేశంలో ప్రతి పట్నంలోనూ ఈ కుర్చీ కనబడుతుందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డంతా తిప్పి, ఒక్కొక్క పనివాడికీ ఆ మాట చెప్పి, చెప్పిన ప్రతిసారీ ఆమెచేత తల ఊపించాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఆ కంగారులో ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. కోడలు మాత్రం ఒక పక్కన నిలబడి, చేతి గుడ్డతో ఏదో ఇనుప ముక్క తుడుచుకుంటూ ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

పని మొదలైంది. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన గదిలో పొడవాటి బల్ల చుట్టూ చేరి, తమ దేశంలో సెలూన్లు, పార్లర్లు నడిపేవాళ్ల నంబర్లు సంపాదించి వరసగా ఫోన్లు చేశారు. వీడియోలో కుర్చీ చూపించారు. పైకి లేపారు, వెనక్కి వాల్చారు, గుండ్రంగా తిప్పారు. కలెక్టరమ్మ మొదటి ఫోను వాళ్లమ్మకే చేసింది.

అమ్మ కుర్చీ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. సింహాసనంలా ఉంది అంది. దాంట్లో కూర్చోబెడితే ఎలాంటి దానికైనా రాణి కళ వస్తుందంది. పక్కన జుట్టు ఆరబెట్టుకుంటున్న ఆవిడను కూడా పిలిచి చూపించింది. ఆవిడ కూడా అబ్బా అంది. అందరూ అలాగే అన్నారు. దూరపు పట్నాల్లో మగవాళ్ల సెలూన్లవాళ్లు, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసేవాళ్లు, ఒక పెద్ద హోటల్లో సెలూన్ నడిపే మేనేజరు, ఒక్కరూ బాగాలేదనలేదు. బాగుందమ్మా, చూద్దాంలే అన్నవాళ్లు, తప్పకుండా చూద్దాం అన్నవాళ్లు, మీరు రండి కూర్చుని మాట్లాడదాం అన్నవాళ్లు. స్లైడు వాటన్నిటినీ "ఆసక్తి ఉన్నవారు" అని ఒక గుండ్రటి బొమ్మగా గీసి ఆకుపచ్చ రంగు నింపింది. బొమ్మంతా పచ్చగా నిండిపోయింది, పూర్తిగా పండని జామకాయలాగ. సందేహం దాన్ని చాలాసేపు చూసి, తన జీవితంలో మొదటిసారి తనకు ఏ సందేహమూ రావడం లేదని ఒప్పుకున్నాడు.

కలెక్టరమ్మకు వచ్చింది. ఎప్పుడూ రానిది ఆమెకు వచ్చింది.

రెండో వారం సగం గడిచాక, మధ్యాహ్నం, స్లైడు ఆ పచ్చ బొమ్మకు అంచులు దిద్దుతుండగా ఆమెకు చిన్నప్పటి సంగతి ఒకటి మెదిలింది. సైకిలు కొనమని అడిగితే అమ్మ చూద్దాంలే అనేది. విహారయాత్రకు పంపమంటే చూద్దాంలే. కుక్కపిల్లను తెచ్చుకుంటానంటే చూద్దాంలే. ఆ చూద్దాంలేల్లో ఒక్కటైనా ఇంటికి రాలేదు. ఆమె వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ కుర్చీ నువ్వు కొంటావా?"

"చూద్దాంలేవే."

"చూద్దాంలే అంటే కొంటావనా, కొననా?"

అవతల అమ్మ కత్తెర పక్కన పెట్టింది. "నువ్వంత దూరం వెళ్లి, అంత ఉత్సాహంగా చూపిస్తుంటే వద్దని ఎలా అంటానే? అంత పెద్ద కుర్చీ లోపల పెడితే నేను వీధిలో నిలబడి జుట్టు కత్తిరించాలి."

కలెక్టరమ్మ బల్ల మీద తల ఆనించింది. పొడుగు మేడం ముందు తాను చెయ్యెత్తి చెప్పిన మాట చెవుల్లో గింగురుమంది. మా వాళ్లకు దాపరికాలు లేవు! కానీ ఆమె ఎక్కువసేపు తల వాల్చుకుని కూర్చునే మనిషి కాదు. అమ్మ ఇంకా లైన్లోనే ఉంది కదా అని, మరి ఇప్పుడున్న కుర్చీల్లో నీకేం ఇబ్బంది అని అడిగింది. అంతే, కట్ట తెగినట్టయింది. కుర్చీకేం, బంగారంలాంటి కుర్చీ అంది అమ్మ. దాన్ని పైకి లేపే పంపు కింద ఉంటుంది చూడు, అదీ దరిద్రం. కాలితో తొక్కి పైకి లేపితే జుట్టు కత్తిరించడం పూర్తయ్యేలోపు మెల్లమెల్లగా కిందికి జారిపోతుంది. ఒక పక్క సమంగా కత్తిరించి రెండో పక్కకు వచ్చేసరికి మనిషి ఇంకో ఎత్తులో ఉంటుంది. మొన్న ఒకావిడ అద్దంలో తనను తాను చూసుకుంటూనే అద్దంలోంచి మాయమైపోయింది. కుర్చీలు చేసే బాబాయి వచ్చి నూనె పోసి వెళ్తాడు, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే.

ఆ సాయంత్రం నుంచి ముగ్గురూ మళ్లీ మొదటి నుంచి ఫోన్లు మొదలుపెట్టారు. ఈసారి ఏమీ చూపించలేదు. మా కుర్చీ బాగుందా అని అడగలేదు. మీ కుర్చీతో మీకేం బాధ అని మాత్రం అడిగారు. మొదటిసారి ముక్తసరిగా మాట్లాడినవాళ్లు రెండోసారి ఫోన్ పెట్టమన్నా పెట్టలేదు. హోటల్ మేనేజరైతే తమ సెలూన్లో ఒక పెద్దమనిషి గడ్డం గీయించుకుంటూ జారి కిందికి దిగిన వైనం నటించి చూపించాడు. కుర్చీ వేరు కావచ్చు, పంపు బాధ మాత్రం ఎక్కడికక్కడ ఒక్కటే.

అయితే జట్టులో గొడవ మొదలైంది. స్లైడు ఒప్పుకోలేదు. ప్రణాళిక దాదాపు పూర్తయిందని, బొమ్మలన్నీ సిద్ధమయ్యాయని, పెద్దాయన కోరింది కుర్చీ పంపే దారి గనక అదే చెప్పాలని వాదించింది. ముహూర్తం పెట్టమని అడిగితే పెళ్లే వద్దంటారా అంది. సందేహం కూడా ఆమె పక్షానే చేరాడు. ఎన్నడూ లేనిది ఒక విషయంలో నమ్మకం కుదిరాక దాన్ని వదులుకోవడం వాడికి కష్టమైంది.

"తప్పని తెలిసీ పచ్చరంగు వేసి చూపిస్తే ఆయన రేపు నిజంగానే ఓడెక్కిస్తాడు," అంది కలెక్టరమ్మ. "ఆ కుర్చీలు అక్కడ దిగాక, వాటిని చూసి బాగుందమ్మా అనడానికి చాలామంది వస్తారు. కొనడానికి ఎవరొస్తారు?"

స్లైడు, మరి మొదటి రోజు మాట ఇచ్చింది నువ్వే కదా, నువ్వే వెళ్లి చెప్పు అంది. నేనే చెబుతాను, ఆఖరి రోజున అందరి ముందూ కాదు, ముందే వెళ్లి చెబుతాను, మీరు నా వెనక నిలబడితే చాలు అంది కలెక్టరమ్మ. నిలబడతామన్నారు. సందేహం తలుపుకి దగ్గరగా నిలబడతానన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డుకి వెళ్లేసరికి పెద్దాయన కొత్త కుర్చీ ఒకటి మెరిసేలా తుడిపించి ఉంచాడు. ఫోటో తీయడానికట. ప్రణాళిక పుస్తకం అట్ట మీద వేయాలన్నాడు. కలెక్టరమ్మ ఆ కుర్చీ చూసి కూడా ఆగలేదు. ఈ కుర్చీని మా దేశానికి పంపవద్దని చెప్పడానికి వచ్చామని నేరుగా చెప్పింది. కారణాలు కూడా చెప్పింది. మా దుకాణాలు ఇరుకు, మీ కుర్చీ అడుగుభాగం వెడల్పు. పాడైతే బాగుచేసేవాళ్లు అక్కడ లేరు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు, కొంటామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

పెద్దాయన మీసం కదిలింది. "మొదటి రోజు నువ్వేం చెప్పావు?"

"ప్రతి పట్నంలోనూ కనబడుతుందని చెప్పాను."

"మరి?"

"అప్పుడు నాకేమీ తెలియదు. తెలియకుండానే మాట్లాడాను. ఇప్పుడు తెలుసుకుని మాట్లాడుతున్నాను. మీకు రెండో మాటే పనికొస్తుంది."

ఆయన ఆమెనే కూర్చోమన్నాడు, తుడిచి ఉంచిన ఆ కుర్చీలో. ఆమె ఎక్కి కూర్చుంది. పాదాలు ఫుట్‌రెస్ట్‌కి అందలేదు, గాల్లో వేలాడాయి. పెద్దాయన వేలాడుతున్న ఆ కాళ్ల వైపు చూశాడు. తన కుర్చీ ఎలాంటి ఒళ్లు మనసులో పెట్టుకుని తయారైందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డు బయటికి వెళ్లిపోయాడు.

కలెక్టరమ్మ దిగబోతుంటే కోడలు వచ్చి ఆగమంది. పెడల్ మీద కాలు వేసి తొక్కింది. కుర్చీ ఏ చప్పుడూ లేకుండా, నీళ్ల మీద తేలినట్టు పైకి లేచింది. ఎంతసేపు కూర్చున్నా వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు. కలెక్టరమ్మ వంగి కుర్చీ కిందికి చూసింది. ఈ పంపు ఎక్కడ కొంటారని అడిగింది. కొనమని, ఇక్కడే చేస్తామని చెప్పి కోడలు ముగ్గురినీ లేతు మిషన్ల వైపు తీసుకెళ్లింది. అక్కడ నిలువునా కోసి ఉంచిన పంపు ఒకటి చూపించి లోపల ఏది ఎక్కడ ఆగుతుందో, నూనె ఎందుకు బయటికి రాదో వివరించింది. పంపులు విడిగా అమ్ముదామని తాను ఒకసారి అన్నానని, మనం కుర్చీలు చేసేవాళ్లం గానీ కాళ్లు అమ్ముకునేవాళ్లం కాదని మావగారు కొట్టిపారేశారని కూడా చెప్పింది. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదట.

సందేహం అప్పుడు తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చాడు. పంపు కింద ఉన్న ఇనుపపలకను వేళ్లతో కొలిచి, ఇది మన కుర్చీలకు సరిపోతుందా అని అడిగాడు. ఈసారి వాడి అనుమానం అందరికీ ముద్దొచ్చింది.

మిగిలిన కొద్ది రోజుల్లో ప్రణాళిక తిరగరాశారు. కుర్చీ వద్దు, పంపు పంపండి. అక్కడ కుర్చీలు చేసేవాళ్లకే అమ్మండి. స్లైడు పచ్చ బొమ్మను తీసేసి, ఒక మనిషి అద్దంలోంచి మెల్లగా కిందికి మాయమైపోతున్న బొమ్మ గీసింది. అది చూసి ఆఖరి రోజున హాలంతా నవ్వింది. కలెక్టరమ్మ ఎప్పటిలాగే తడబడకుండా మాట్లాడింది. తాను మొదట చేసిన పొరపాటునూ, ఆ పచ్చ బొమ్మనూ దాచకుండా చెప్పింది. "చూద్దాంలే" అన్న మాటను ఆ దేశపు హాలులో మూడుసార్లు పలికించి, దాని అర్థం ఏమిటో, అర్థం కానిది ఏమిటో విప్పి చెప్పింది. పొడుగు మేడం కూడా నవ్వింది గానీ ప్రశ్నల దగ్గర వదల్లేదు. పంపు కొంటానన్న కుర్చీల తయారీదారు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగింది. లేడు. అడిగే వ్యవధి చాలలేదు. కాబట్టి మీ పచ్చరంగు కూడా ఇంకా పండలేదన్నమాట అందావిడ. బహుమతి వేరే జట్టుకి వెళ్లింది. వీళ్లకు మార్కులు మధ్యరకంగా వచ్చాయి.

పెద్దాయన అంతా విని లేచి నిలబడి, పిల్లలు కష్టపడ్డారని మర్యాదగా చెప్పి, తాను మాత్రం కుర్చీలు చేసేవాడినేనని చెప్పి వెళ్లిపోయాడు. కలెక్టరమ్మకు మార్కుల కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. కానీ చెప్పాల్సింది చెప్పానన్న తృప్తి ముందు ఆ నొప్పి నిలవలేదు. ఆయన వద్దన్నంత మాత్రాన పంపు మంచిది కాకుండా పోతుందా అనుకుంది.

బయల్దేరే ముందు కోడలు వాళ్ల బసకు వచ్చింది. చేతిలో బరువైన పెట్టె. నూనె తీసేసిన పంపు ఒకటి అందులో ఉంది. మావగారికి చెప్పే తెస్తున్నానని, ఆయన అవుననలేదు, కాదనలేదని చెప్పింది. తమ దేశంలో దిగగానే విమానాశ్రయంలో ఆ పెట్టె చూసి అధికారులు చుట్టుముట్టారు. ఇదేమిటని అడిగితే కలెక్టరమ్మ నేల మీదే పంపు నిలబెట్టి, దాని మీద ఒక సూట్‌కేసు పెట్టి, కుర్చీ ఎలా లేస్తుందో సెలూన్ కథతో సహా చెప్పింది. వెనక వరసలో నిలబడ్డవాళ్లు కూడా విన్నారు. ఆఖరికి ఒక అధికారి తన మంగలి దగ్గర కుర్చీ కూడా జారుతుందని ఒప్పుకుని పంపించేశాడు.

ఇంటికి చేరాక ఆమె ఒంటి అలసట తీరకముందే కుర్చీల బాబాయి షెడ్డుకి వెళ్లింది. చుట్టరికమేమీ లేదు గానీ అమ్మ పార్లరు కుర్చీలన్నీ చేసింది ఆయనే. వచ్చి నూనె పోసేదీ ఆయనే. ఆయన పంపును తిప్పి తిప్పి చూశాడు. మన పంపుకేమైందని కాస్త ఉడుక్కున్నాడు. అయినా కూతురులాంటి పిల్ల అంత దూరం నుంచి మోసుకొచ్చిందని, పలకకు కొత్త కన్నాలు వేసి, నూనె నింపి అమ్మ కుర్చీకి బిగించాడు. పార్లరులో ఒళ్లు కాస్త భారీగా ఉండే ఒకావిడను బతిమాలి కూర్చోబెట్టారు. జుట్టుకు రంగు వేసి, అది ఆరేదాకా ఆవిడ అందులోనే ఉంది. మధ్యలో ఒక కునుకు కూడా తీసింది. బాబాయి కింద కూర్చుని పంపు వైపే చూస్తూ ఉన్నాడు. అది కదల్లేదు.

"బాగుందే అమ్మాయ్," అన్నాడు చివరికి. "చూద్దాంలే."

"ఆ మాట వద్దు బాబాయ్. కావాలో వద్దో చెప్పు. వద్దంటే నేనేం అనుకోను, ఇంకొకరి దగ్గరికి వెళ్తాను."

ఆ ఇంకొకరు అన్న మాట ఆయనకు ఎక్కడో తగిలింది. తల గోక్కుని, నవ్వి, ఎంత తొందరగా పంపగలరో కనుక్కోమన్నాడు. ఆయన ద్వారా తెలిసి మరో ఇద్దరు కుర్చీలు చేసేవాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. కలెక్టరమ్మ ఆ ముగ్గురి మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాసి, ఏది అవును, ఏది ఇంకా కాదు అని విడివిడిగా చెప్పి కోడలికి పంపింది. ఒక ప్రతి పొడుగు మేడంకి కూడా పంపింది, ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ పడి ఉండటం ఇష్టంలేక. మార్కులు ఇక మారవని, అయినా చాలా బాగుందని ఆవిడ తిరిగి రాసింది.

కొన్ని నెలలకు కోడలు వచ్చింది. వెంట పెద్దాయన కూడా దిగాడు. తన పంపును పరాయివాడు ఏ కుర్చీకి కడుతున్నాడో కళ్లారా చూస్తే గానీ మాట ఇవ్వనన్నాడట. ఇద్దరినీ బాబాయి షెడ్డుకి తీసుకెళ్లి కలెక్టరమ్మ మధ్యలో నిలబడింది. ఆయన మాట ఈయనకు, ఈయన మాట ఆయనకు చేరవేయాలి.

పెద్దాయన కుర్చీ కింద వంగి చూసి, ఈ అతుకు చిన్నపిల్లలు వేసినట్టుందన్నాడు. కలెక్టరమ్మ దాన్ని, అతుకు ఇంకొంచెం గట్టిగా ఉంటే మేలంటున్నారు అని చెప్పింది. బాబాయి, ఆయన కుర్చీ మన గుమ్మాల్లో పట్టదు గానీ మన అతుకులకు వంకలు పెట్టడానికి వచ్చాడా అన్నాడు. ఆమె దాన్ని, మీ కుర్చీ పరిమాణం చాలా గొప్పదంటున్నారు అని చెప్పింది. కాసేపు అలాగే నడిచింది. ఇద్దరూ ఒకరికొకరు తల ఊపుకుంటున్నారు గానీ పని ఒక్క అంగుళం ముందుకు జరగలేదు. ఆమెకు ఉన్నట్టుండి తాను ఏం చేస్తోందో అర్థమైంది. ఇద్దరి చేతా చూద్దాంలే అనిపించడానికి దారి వేస్తోంది.

"ఇప్పటిదాకా మీ ఇద్దరి మాటలకూ చక్కెర కలిపాను," అని ఆమె రెండు భాషల్లోనూ చెప్పింది. "ఇక కలపను. అసలు మాటలు ఇవీ." అని మొదటి నుంచి ఉన్నదున్నట్టు అప్పచెప్పింది. చిన్నపిల్లల అతుకుతో సహా, పట్టని గుమ్మంతో సహా.

బాబాయి మొహం ఎర్రబడింది. తర్వాత ఆయన సుద్దముక్క తీసుకుని నేల మీద గొంతుక్కూర్చుని, ఇక్కడ అతుకు ఇలాగే ఎందుకు వేయాల్సి వచ్చిందో బొమ్మ గీశాడు. పెద్దాయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. బొమ్మ చూశాడు. బాబాయి చేతిలోంచి సుద్దముక్క తీసుకుని దాని పక్కనే ఇంకో గీత గీశాడు. బాబాయి దాన్ని అరచేత్తో సగం తుడిచి మళ్లీ గీశాడు. చెయ్యి చూపిస్తే సరిపోయే చోట మాట అవసరం పడలేదు. కలెక్టరమ్మ నోరు విప్పబోయి, ఎవరూ తన వైపు చూడటం లేదని గ్రహించి ఊరుకుంది. బతుకులో అంతసేపు ఊరుకోవడం ఆమెకు అదే మొదలు.

కోడలు ఆమెను బయటికి, షెడ్డు నీడలోకి తీసుకొచ్చింది. ఈ దేశంలో తమ తరఫున పని చూసే మనిషి కావాలని, చదువు పూర్తయ్యాక రావడం ఆమెకు ఇష్టమేనా అని అడిగింది. కలెక్టరమ్మ ఇష్టమే అంది. అయితే రెండు షరతులు పెట్టింది. కొత్త చోట ఏది అమ్మాలన్నా ముందు తాను వెళ్లి వాళ్ల ఇబ్బంది ఏమిటో అడిగి వస్తుంది, అమ్మగలమని మాట ఇవ్వడం ఆ తర్వాతే. రెండోది, బొమ్మల పనికి స్లైడునీ, అనుమానాల పనికి సందేహాన్నీ కూడా తీసుకోవాలి. మొదటిదానికి కోడలు వెంటనే సరేనంది. రెండోది మావగారితో మాట్లాడి రేపు చెబుతానంది. కలెక్టరమ్మ ఆవిడ కళ్లలోకి చూసింది. ఆ రేపు నిజంగా రేపే అని తెలిశాక చెయ్యి చాపింది.

లోపల నుంచి సుత్తి చప్పుడు మొదలైంది. అప్పుడే అమ్మ ఫోన్ చేసి, భోజనానికి ఎంతమంది వస్తారో తొందరగా చెప్పమంది. కలెక్టరమ్మ షెడ్డులోకి తొంగిచూసింది. ఇద్దరు మగవాళ్లూ కుర్చీని తలకిందులుగా పడేసి, చెరో పక్కనా మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు.

"అందరూ వస్తారమ్మా," అంది. "కానీ ఇప్పుడే కాదు. వీళ్లను లేపడం నా వల్ల కాదు."